ఐదు గడులు

ఊల్కన్ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టేసరికే పంతులు ఒముర్జాక్ ఎర్ర కలం మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. సోమవారం ఆఖరి పీరియడు. బయట నరీన్ ఊరంతా బొగ్గుపొగ కమ్ముకుంది. కిటికీ సందుల్లో పాత దుప్పటి ముక్కలు కుక్కినా చలి ఎక్కడో దారి వెతుక్కుని లోపలికి వస్తూనే ఉంది. పిల్లలు కోట్లు విప్పకుండానే ప్రయోగాలు చేస్తున్నారు. కాసేపట్లో ఈ వీధికి కరెంటు తీసేస్తారు. ఈలోగా అందరి కాగితాలూ చూసి సంతకాలు పెట్టేసి, ఇంటికెళ్ళి పొయ్యి ముందు కూర్చోవాలని ఆయన ఆత్రం.

కాగితాన్ని పైనుంచి చదివే అలవాటు ఆయనకి లేదు. నేరుగా చివరి వరసకి వెళ్ళాడు. అక్కడ పావు హెన్రీ అని ఉంది.

మూడో బల్ల మీది తీగచుట్ట ప్రేరకత్వం ఎంతో ఆ సాంకేతిక కళాశాలలో గోడలకి కూడా తెలుసు. అర హెన్రీ. చుట్ట పక్కనే అల్యూమినియం బిళ్ల మీద సోవియట్ కాలంలోనే ఆ సంగతి చెక్కి పెట్టారు. బిళ్ల చెక్కినవాళ్ళ దేశం పోయింది, వాళ్ళ ఫ్యాక్టరీ పోయింది, బిళ్ల మాత్రం ఉంది. ఒముర్జాక్‌కి దాని మీద ఉన్న నమ్మకం చాలామంది మనుషుల మీద లేదు.

ప్రయోగం చిన్నదే. గుర్రపునాడాలా వంచిన ఇనుప దిమ్మ, దాని కాలికి తొడిగిన తీగచుట్ట, పైన రెండు కొసల్నీ కలుపుతూ మరతో బిగించిన ఇనుప అడ్డపట్టీ. కరెంటు వదలగానే చుట్ట దాన్ని ఒక్కసారిగా పోనివ్వదు, కాసేపు మొండికేస్తుంది. ఆ మొండితనం ఆసిలోస్కోపు తెర మీద వంపు గీతలా లేస్తుంది. గీత తన పూర్తి ఎత్తులో నూటికి అరవై మూడు వంతులు ఎక్కేలోగా అడ్డంగా ఎన్ని గడులు దాటిందో చూడాలి. గడికి ఒక మిల్లీసెకను. దాన్నే కాలస్థిరాంకం అంటారు. దాన్ని సర్క్యూట్లోని మొత్తం నిరోధంతో గుణిస్తే ప్రేరకత్వం వచ్చేస్తుంది. వంద ఓములు, ఐదు గడులు, అర హెన్రీ.

"ఎన్ని గడులొచ్చాయి?" అని అడిగాడు.

"రెండున్నర, అగాయ్." పంతుల్ని అక్కడ అలాగే పిలుస్తారు.

"ఐదు రావాలి."

"నాకు రెండున్నరే వచ్చాయి అగాయ్. మళ్ళీ మళ్ళీ చూశాను."

ఊల్కన్ అట్‌బాషీ అవతల మేతకొండల కింద ఊరి పిల్ల. చలికి పగిలిన బుగ్గలు, చేతుల మీద ఎప్పుడూ టంకం కాలిన మచ్చలు. గొంతు పెంచదు, కానీ అన్న మాట వెనక్కి తీసుకోదు. ఆమె జతగా పనిచెయ్యాల్సిన పిల్ల జ్వరమొచ్చి రాలేదు, ఇవాళ ఒక్కతే చేసింది.

"చుట్ట సొంత నిరోధం కలపడం మర్చిపోయుంటావు."

"కలిపాను. చుట్టది పదిహేను, బయటిది ఎనభై ఐదు."

"ఆసిలోస్కోపు మీట ఎక్కడ పెట్టావ్? గడికి రెండు దగ్గరుందేమో."

"ఒకటి దగ్గరే ఉంది. ఒక్కసారి వచ్చి చూడండి అగాయ్."

ఆయన లేవలేదు. తప్పు ఎక్కడుందో కాగితంలోనే పట్టుకోవాలని చూశాడు. గుణకారం సరిగ్గా ఉంది. దశాంశం చుక్క ఉండాల్సిన చోటే ఉంది. గీత బొమ్మ కూడా పిల్ల ఓపిగ్గా, చక్కగా గీసింది. తప్పు దొరికుంటే చూపించి, దిద్దుకురమ్మని పంపేసేవాడే. దొరక్కపోవడంతో చిరాకు మొదలైంది. పాతికేళ్ళుగా పాఠాలు చెప్తున్న పంతులికి ఆ చిరాకు చాలా చెడ్డది.

"మీ ఊళ్ళో మందని కూడా ఇలాగే లెక్కపెడతారా?" అన్నాడు, అందరికీ వినపడేట్టు. "పొద్దున వంద గొర్రెలు కొండెక్కితే సాయంత్రం యాభై దిగాయని రాసుకుని పడుకుంటారా?"

గదంతా నవ్వింది. వెనక బల్ల దగ్గర్నుంచి నుర్దిన్ అందుకున్నాడు. వాడికి నోరెక్కువ, మనసులో ఏమీ ఉండదు.

"మిగతా సగం తోడేలు తినేసుంటుంది అగాయ్."

మళ్ళీ నవ్వులు. ఊల్కన్ నవ్వలేదు.

"తగ్గితే పడుకోం అగాయ్. వెతకడానికి వెళ్తాం," అంది.

ఆ మాట ఎక్కడో తగిలింది ఆయనకి. కలం ఎత్తి కాగితం మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఎర్రగీత కొట్టేశాడు.

"చెయ్యకుండా రాసుకొచ్చినదానికి నేను సంతకం పెట్టను."

"చేశాను అగాయ్."

"ఎవరు చూశారు? నీకు జత కూడా లేదుగా ఇవాళ."

"మీరు చూడండి. వైర్లు ఇంకా విప్పలేదు."

ఆయన ఏదో అనబోతుండగానే కరెంటు పోయింది. ఆసిలోస్కోపు తెర మీద ఆకుపచ్చ గీత చుక్కగా మారి ఆరిపోయింది. పిల్లలు బిలబిలమంటూ తలుపు వైపు నడిచారు. ఊల్కన్ ఆ మసక వెలుతుర్లోనే తన వైర్లన్నీ విప్పి, చుట్టలు చుట్టి, ఎక్కడివక్కడ మేకులకి తగిలించింది. ఎర్రగీత పడిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో దాచుకుంది. వెళ్ళొస్తానని చెప్పి మరీ వెళ్ళింది.

మర్నాడు క్యాంటీన్లో ఒముర్జాక్ లగ్మాన్ గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గర పిల్లలు వేయించిన బూర్సోక్ ముక్కలు టీలో ముంచుకు తింటూ గోలగా ఉన్నారు.

"పావూ, కాస్త జరుగు."

"పావుకి పావు గ్లాసు టీ చాలు, మిగతాది ఇటియ్యి."

ఎవర్నంటున్నారో ఆయనకి వెంటనే అర్థం కాలేదు. జరిగి చోటిచ్చింది ఊల్కన్. తన గ్లాసు పట్టుకుని లేచి కిటికీ దగ్గరికి పోయి, నిలబడే తాగింది. నుర్దిన్ ఆయన్ని చూసి లేచి నిలబడి, వినయంగానే అన్నాడు.

"మీ చలవే అగాయ్. పేరు భలే అతికింది."

ఆయన నవ్వినట్టు ముఖం పెట్టాడు. తను ఆ పేరు పెట్టలేదు, పావు అన్న మాటే తన నోట రాలేదు. అయినా ఆ పిల్ల నిలబడి టీ తాగడం చూసి నూడుల్స్ గిన్నె పక్కకి జరిపాడు. చేసిన పనికి కాకపోతే ఇంకెందుకు ఇంత ఇబ్బంది అని ఆలోచించే ఓపిక మాత్రం తెచ్చుకోలేదు.

అప్పుడే విభాగం అధిపతి కెంజెగుల్ వచ్చి ఎదురుగా కూలబడింది. పెద్ద మనిషి. బొచ్చుటోపీ లోపల కూడా తియ్యదు. ఒముర్జాక్‌ని చదువుకునే రోజుల నుంచీ ఎరుగును.

"ఒముర్జాక్, డ్యాము దగ్గరి కరెంటు కేంద్రం వాళ్ళు ఈ ఏడు రిలే వర్క్‌షాపులో మన పిల్లలకి ఒక్క చోటే ఇచ్చారు. అన్నిట్లోనూ ఊల్కనే ముందుంది. నీ ల్యాబొక్కటే అడ్డం. ఏంటి కథ?"

"కథే అల్లుకొచ్చింది. చెయ్యకుండా."

"ఆ పిల్లా?"

"ఆ పిల్లే. నాకూ ఆశ్చర్యమే."

"శుక్రవారం పేరు పంపాలి నేను. ఈలోగా పాసవకపోతే నుర్దిన్ పేరు రాస్తా. తర్వాత నన్ననకు."

"ఆమెకి ఇంకెక్కడా చోటు దొరకదా?"

"దొరకదని ఎవరన్నారు? కరెంటు బిల్లుల ఆఫీసులో కూర్చోబెడతారు. ఆడపిల్లకి అదే వెచ్చగా ఉంటుందని మనవాళ్ళ అభిప్రాయం." కెంజెగుల్ ఆయన గిన్నెలోంచి ఒక మాంసం ముక్క తీసుకుని నోట్లో వేసుకుంది. "ఒకసారి బిల్లుల్లో కూర్చున్నదాన్ని మళ్ళీ రిలే పెట్టె దగ్గరికి ఎవడూ రానివ్వడు. నీకు తెలియంది కాదు."

ఆయనకి తెలుసు. ఊల్కన్ పాత రిలేల్ని విప్పి, కాంటాక్టుల మీది మసి పుల్లతో తుడిచి, మళ్ళీ బిగించి, టిక్కుమన్న చప్పుడు కోసం చెవి దగ్గర పెట్టుకుని వినడం ఆయనే ఎన్నోసార్లు చూశాడు. ఆ పనిలో ఉన్నప్పుడు ఆ పిల్లకి పక్కన ఎవరున్నదీ తెలియదు.

పాఠాలయ్యాక ల్యాబుకి వెళ్ళాడు. తనని తను సమాధానపరచుకోవడానికే వెళ్ళాడు తప్ప ఇంకెందుకూ కాదు. పిల్ల ఎక్కడ పొరబడిందో కనిపెట్టి, రేపు పిలిచి చూపించి, కాస్త చివాట్లు పెట్టి సంతకం పెట్టేద్దామని. చోటు పోకుండానూ ఉంటుంది, తన మాట నిలబడనూ నిలబడుతుంది. వైర్లు కలిపాడు. మీట గడికి ఒకటి దగ్గర పెట్టాడు. తెర వెచ్చబడి ఆకుపచ్చ గీత మెల్లగా తేరుకుంది.

రెండున్నర గడులు.

మీట తప్పుందేమోనని అటూ ఇటూ తిప్పి మళ్ళీ పెట్టాడు. రెండున్నర. రెసిస్టరు మార్చాడు. పక్క బల్ల మీంచి ఇంకో ఆసిలోస్కోపు మోసుకొచ్చాడు. మీటరుతో చుట్ట నిరోధం కొలిచాడు, పదిహేనే. చుట్ట తిన్నగానే ఉంది. అప్పుడిక దిమ్మ వైపు చూశాడు. మర తిప్పి అడ్డపట్టీ లేపాడు. రెండు కొసల మీదా ఆకుపచ్చ టీ పొట్లం అట్ట, దిమ్మ అంచుకి సరిగ్గా, బ్లేడుతో నీటుగా కత్తిరించి ఉంది.

ఆ కత్తిరింపు తనదే.

శరదృతువులో పై తరగతి పిల్లలు ఇదే చుట్టకి ఇళ్ళలో వాడే ఏసీ కరెంటు పెట్టి ప్రయోగం చేసేవారు. మర అరిగిపోయి, అడ్డపట్టీ వదులై పూటంతా గుయ్యిమని మోగేది. ఆ మోతకి ఆయన తల పగిలిపోయేది. ఒకరోజు టీ పొట్లం అట్ట కత్తిరించి కింద పెట్టి బిగించాడు. మోత టక్కున ఆగింది. ఆ వేళ ఎంత సంబరపడ్డాడో ఇప్పటికీ గుర్తుంది, కెంజెగుల్‌ని పిలిచి మరీ వినిపించాడు. ఆ తర్వాత అట్ట సంగతే మర్చిపోయాడు. ఇనుముకీ ఇనుముకీ మధ్య కాగితమంత ఎడం వచ్చినా చుట్ట బలం సగానికి పడిపోతుందని పిల్లలకి ఏటేటా చెప్పేది ఎవరు? తనే.

అట్ట తీసి బిగించాడు. ఐదు గడులు. అట్ట పెట్టి బిగించాడు. రెండున్నర. ఏదో ఒకసారి వేరే అంకె వచ్చి తనని గట్టెక్కిస్తుందన్నట్టు అలా పెడుతూ తీస్తూ కూర్చున్నాడు.

పిల్ల గురించి సిగ్గుపడుతున్నంతలోనే ఇంకో ఆలోచన వచ్చి మీద పడింది. అట్ట పెట్టినప్పటినుంచీ ఈ బల్ల మీద జతలు జతలుగా పిల్లలంతా ఇదే ప్రయోగం చేశారు. అందరికీ ఐదే వచ్చింది. ఒకరిది నాలుగుముప్పావు, ఒకరిది ఐదుంబావు, అంతా నమ్మదగ్గట్టుగానే. తను అందరికీ సంతకాలు పెట్టాడు, బాగుందని మెచ్చుకున్నాడు కూడా. వాళ్ళెవరూ తెర చూడలేదు. చూసినా నమ్మలేదు. బిళ్ల చూసి, అంకె వెనక్కి లెక్కకట్టి, గడులు సర్దేశారు. ఇంతమందిలో తెర మీద ఉన్నది ఉన్నట్టు రాసింది ఒక్కతి. ఆ ఒక్కదాని కాగితం మీద తను ఎర్రగీత కొట్టాడు.

అట్టముక్కలు పక్కన పెట్టి, ఆసిలోస్కోపు ఆపేసి ఇంటికి బయల్దేరాడు.

బుధవారం పొద్దున్నే కెంజెగుల్ గదికి వెళ్ళి అంతా చెప్పాడు. ఆమె విద్యుత్ పొయ్యి మీద చేతులు చాపుకుని విన్నది. మధ్యలో ఒకసారి నవ్వింది కూడా.

"ఆ రోజు నాకు వినిపించావు కదూ, ఎంత నిశ్శబ్దంగా ఉందో వినమని."

"నవ్వకు."

"నవ్వక ఏడవనా? సరే, ఎవరికైనా చెప్పావా?"

"నీకే."

"అక్కడితో ఆపు. వచ్చే నెల పైనుంచి తనిఖీకి వస్తున్నారు. మన ల్యాబు లెక్కలన్నీ పిల్లలు ఊహించి రాసినవని మనమే చెప్పుకుందామా? అట్ట తీసెయ్. రేపు వాళ్ళకి నీ క్లాసుందిగా, ఆ పిల్లని మళ్ళీ చెయ్యమను. ఐదొస్తుంది. సంతకం పెడతావు. ఆమెకి చోటొస్తుంది, నీ పరువు నీకుంటుంది. ఎవరికి నష్టం?"

ఎవరికి నష్టమో ఆయన చెప్పలేకపోయాడు. చెప్పలేకపోవడం కన్నా, చెప్పనక్కర్లేకుండా పోయినందుకు లోపల హాయిగా అనిపించింది. ఆ హాయి తనకి తెలుస్తూనే ఉంది, అదే అసహ్యంగా ఉంది.

నడవాలో ఊల్కన్ కనిపిస్తే ఆపాడు.

"రేపు ఆ ప్రయోగం మళ్ళీ చెయ్యమ్మా. మొదట్నుంచీ."

"సరే అగాయ్."

ఆ పిల్ల వాదిస్తుందని, నాకెందుకు మళ్ళీ అంటుందని జవాబు సిద్ధం చేసుకుని వచ్చాడు. అదేమీ అవసరం పడలేదు. ఊల్కన్ రెండడుగులు వేసి ఆగింది.

"ఐదు రావాలి కదా అగాయ్?"

"చెయ్యి, చూద్దాం," అన్నాడు. ఆమె తలూపి వెళ్ళిపోయింది. ఆయనకి అప్పుడే కాస్త బుద్ధి ఉంటే ఆ ప్రశ్న దగ్గర ఆగేవాడు.

ఇంట్లో భార్య షైర్గుల్ పిండి పిసుకుతోంది. బేకరీలో పగలంతా అదే పని, ఇంటికొచ్చినా అదే పని. ఆయన టోపీ తియ్యకుండా స్టూలు మీద కూర్చుని, వేరే ఎవరో పంతులికి జరిగినట్టుగా సంగతి మొదలుపెట్టాడు. నాలుగు మాటలకే ఆమె పట్టేసింది.

"ఆ పంతులు నువ్వేనని ముందే చెప్తే, ఎవరా అని ఆలోచిస్తూ పిండిలో ఉప్పు వెయ్యడం మర్చిపోయేదాన్ని కాదుగా," అంది. "ఊఁ, తర్వాత?"

అంతా చెప్పాడు. కెంజెగుల్ సలహా కూడా చెప్పాడు.

"అయితే రేపు ఆ పిల్లకి ఐదొస్తుంది," అంది షైర్గుల్.

"వస్తుంది. పాసైపోతుంది."

"సోమవారం తన కళ్ళే తప్పు చూశాయని అనుకుంటుంది."

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నీకు క్షమాపణ కూడా చెప్తుందేమో, చూసుకో. మంచి పిల్లంటున్నావుగా."

"నన్నేం చెయ్యమంటావు మరి?"

"నేనేం చెయ్యమంటాను? ఇన్నేళ్ళ కాపురంలో నాదే తప్పు అన్న మాట నీ నోట ఒక్కసారన్నా విన్నానా, నిన్ను చెయ్యమనడానికి? కొత్త బ్యాటరీకి వైర్లు తిరగేసి పెట్టి కాల్చేసినప్పుడు ఏమన్నావు? బ్యాటరీ కంపెనీ వాణ్ణి తిట్టావు."

"అది నిజంగానే నాసిరకం."

"అవునవును," అని ఆమె పిండిముద్దని బల్ల మీద దబ్బున వేసింది.

ఆయన షోర్పో చారు తాగలేకపోయాడు. ఊల్కన్ తన దగ్గరికొచ్చి తల వంచుకుని, నాదే పొరపాటు అగాయ్ అనడం కళ్ళకి కట్టింది. అట్ట ముక్క తన జేబులో పెట్టుకుని, ఫర్వాలేదులే తల్లీ అని తను పెద్దరికంగా అనడం కూడా కనిపించింది. అది చెయ్యగల మనిషినే తను అని తెలిసినప్పుడు ఆయనకి భయమేసింది. పిల్ల కళ్ళ మీద పిల్లకే నమ్మకం పోయేలా చేసి, పైగా సంతకం పెట్టి దీవిస్తాడన్నమాట. అన్నం తినే మనిషి చెయ్యాల్సిన పనేనా ఇది?

గురువారం అందరికన్నా ముందు కళాశాలకి వెళ్ళాడు. టీ పొట్లం అట్టని మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టి అడ్డపట్టీ బిగించాడు. సోమవారం ఎలా ఉందో అలాగే. ఆ పిల్ల అందరి ముందూ కొలుస్తుంది. రెండున్నర వస్తుంది. అప్పుడు తను అందరి ముందూ లేచి, అట్ట బయటికి తీసి చూపించి, సోమవారం ఊల్కన్ రాసిందే నిజం, నాదే తప్పు అని చెప్తాడు. నవ్వినవాళ్ళంతా వింటారు. కెంజెగుల్ కోప్పడితే కోప్పడనీ. అలా అనుకున్నాక రెండు రోజుల్లో మొదటిసారి ఆకలేసింది. జేబులో ఉన్న, ఎండిన పెరుగుతో చేసిన కురుత్ ఉండ తీసి నోట్లో వేసుకున్నాడు.

తరగతి వచ్చింది. ఎవరి బల్లల దగ్గరికి వాళ్ళు వెళ్ళారు. ఊల్కన్ మూడో బల్ల దగ్గర కోటు గుండీలు విప్పి, చేతులు రుద్దుకుని వైర్లు కలపడం మొదలుపెట్టింది. ఆయన పక్కనే నిలబడ్డాడు. పంతులు అలా ఒకరి పక్కన నిలబడటం ఎప్పుడూ లేదు కాబట్టి మిగతా పిల్లలు పని మానేసి ఇటే చూస్తున్నారు.

"పావుకి ఇవాళ స్పెషల్ పరీక్ష," అన్నాడు నుర్దిన్ మెల్లగా.

"నోర్ముయ్," అన్నాడు ఒముర్జాక్. వాడు తెల్లబోయాడు.

ఊల్కన్ మీటరుతో చుట్ట కొలిచింది. రెసిస్టరు కొలిచింది. మీట గడికి ఒకటి దగ్గర పెట్టి, ఆయనకి కనపడేలా కాస్త పక్కకి తప్పుకుంది. గీత లేచింది. స్థిరంగా, నున్నగా ఉంది. ఆమె పెన్సిల్ కొసని తెరకి తాకించకుండా గీత వెంట నడిపింది. అరవై మూడు వంతుల ఎత్తు దగ్గర ఆగింది. అక్కణ్ణించి నిట్టనిలువుగా కిందికి దింపి, మొదట్నుంచీ గడులు లెక్కపెట్టింది. పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, ఆపైన సగం. ఆయన తన చెవులతో విన్నంత స్పష్టంగా ఆ పెదవుల్ని చదివాడు. గొంతులో మాట సిద్ధంగా ఉంది. గుండె పెళ్ళికొడుకు గుండెలా కొట్టుకుంటోంది.

ఊల్కన్ కాగితం మీదికి వంగి, ఐదు అని రాసింది.

కింద ఇంకో వరస గీసింది. మళ్ళీ తెర వైపు చూసి, పెన్సిల్ నడిపి, నాలుగు పాయింటు తొమ్మిది అని రాసింది. మూడో వరసలో ఐదు పాయింటు ఒకటి. వందతో గుణించింది. సగటు తీసింది. అర హెన్రీ. ఎక్కడా చెయ్యి తడబడలేదు. అందరూ రాసే నమ్మదగ్గ అంకెలే, అందరూ వేసే తేడాలే. కాగితం రెండు చేతులతో ఆయనకి అందించింది.

"ఎంతొచ్చింది?" అని అడిగాడు ఒముర్జాక్.

"ఐదు, అగాయ్."

"తెర మీద ఎంతుంది?"

"ఐదు."

ఆకుపచ్చ గీత ఇద్దరి మధ్యా రెండున్నర గడుల దగ్గర లేస్తూనే ఉంది. పిల్ల దాని వైపు చూడలేదు. ఆయన ముఖంలోకే చూస్తోంది. అందులో పొగరు లేదు, వెటకారం లేదు. అప్పజెప్పిన పని ఎలా కావాలంటే అలా చేసిపెట్టానన్న బుద్ధిమంతురాలి చూపు. వెనకనుంచి నుర్దిన్, "చూశారా అగాయ్, దారిలో పడింది," అన్నాడు. ఈసారి వాడు నిజంగానే సంతోషించాడు.

సంతకం పెట్టేస్తే అయిపోతుంది. ఆ పిల్లకి కావలసింది అదే, కెంజెగుల్‌కి కావలసిందీ అదే. ఎర్ర కలం చేతిలోనే ఉంది. ఒముర్జాక్ కలాన్ని బల్ల మీద పెట్టి, మర విప్పడం మొదలుపెట్టాడు. అరిగిన మర ఒక పట్టాన రాలేదు. అడ్డపట్టీ లేపి, రెండు అట్టముక్కల్నీ తీసి అరచేతిలో పెట్టుకుని పిల్లలందరికీ కనపడేలా చాపాడు.

"వీటిని శరదృతువులో నేనే పెట్టాను. మోత ఆపడానికి. పెట్టి మర్చిపోయాను. ఇవి ఉన్నంతకాలం ఈ బల్ల మీద రెండున్నరే వస్తుంది. ఐదు రాదు. మీ ఎవరికీ ఐదు వచ్చి ఉండదు."

కొందరు తలలు దించుకున్నారు.

"సోమవారం ఊల్కన్ రాసిందే నిజం. నేను లేచొచ్చి చూడకుండా కొట్టేశాను. పైగా మీ అందర్నీ నవ్వించాను. తప్పు నాది." ఆమె వైపు తిరిగాడు. "నన్ను క్షమించమ్మా."

నుర్దిన్ బుగ్గలు ఎర్రబడ్డాయి. ఊల్కన్ ముఖంలో మాత్రం ఆయన ఎదురుచూసింది ఏదీ రాలేదు. ఆ పిల్ల పాలిపోయింది. ఆయన చేతిలో ఉన్న కాగితం వైపు, తను రాసిన ఐదుల వైపు చూస్తోంది.

"అయితే ఇది కూడా తప్పేనా అగాయ్?" అంది. "నాకు పాసవదా?"

"అయిపోయింది తల్లీ. నువ్వు సోమవారమే పాసయ్యావు. ఆ కాగితం ఇవ్వు, దాని మీదే సంతకం పెడతాను."

"హాస్టల్ పొయ్యిలో వేసేశాను."

ఆయన ఇంకేమీ అనకుండా ఆమె మార్కుల పుస్తకం అడిగి తీసుకుని, తన ల్యాబు గడిలో ఉత్తమం అని రాసి, సంతకం పెట్టి, తారీఖు వేశాడు. సిరా ఆరేదాకా ఊదాడు. కెంజెగుల్ పిలిపించుకుని తిడుతుంది, తిట్టనీ. తనిఖీవాళ్ళకి ఈ సంగతి తనే చెప్పాల్సి వస్తే తనే చెప్తాడు. పుస్తకం పిల్ల చేతిలో పెట్టాడు.

"రేపు నీ పేరే వెళ్తుంది. ఇక దీన్ని ఎవరూ మార్చలేరు. అర్థమైందా?"

ఊల్కన్ సంతకం చూసుకుంది. పుస్తకం మూసి గుండెకి ఆనించి పట్టుకుంది. "అర్థమైంది అగాయ్," అంది.

ఒముర్జాక్ అట్టముక్కల్ని మళ్ళీ దిమ్మ మీద పెట్టి అడ్డపట్టీ బిగించాడు. గీత తెర మీద మళ్ళీ లేచింది. ఒక తెల్ల కాగితం తీసి ఆమె ముందుకి జరిపాడు. తనకి అదొక్కటే కావాలి ఇప్పుడు. ఈ పిల్ల చేత్తో ఒక్కసారి ఆ నిజమైన అంకె చూస్తే చాలు, ఈ నాలుగు రోజుల్లో తను పాడుచేసింది పూర్తిగా పాడవలేదని నమ్ముకుంటాడు.

"మార్కులకి కాదు. నా కోసం. తెర మీద ఏముందో అది రాయి."

ఊల్కన్ పెన్సిల్ తీసుకుంది. కాగితం మీద దాని కొస ఆనించింది. తల ఎత్తింది, తెర వైపు కాదు.

"ఎంత రాయమంటారు అగాయ్?" అని అడిగింది.